ఒకటో తరగతిలో మంచు

మనవరాలు సీతను ఒకటో తరగతి గుమ్మం బయట నిలబెట్టారని తెలిసి ఈ ఉదయం బడికి వెళ్ళాను. చలికాలం బొమ్మ వేసి, ఇంటికప్పు మీద దూది అంటించమన్నారట. దొరల సీమనుంచి వచ్చిన పుస్తకంలో అలాగే ఉంది. పుస్తకం ఓడెక్కి వచ్చింది గాని ఆ చలి రాలేదు. మా పిల్ల దూది మానేసి, వీధి వాకిట్లో గింజలు ఒలిచి పారేసిన అనపకాయ తొక్కల గుట్ట బొమ్మ వేసింది. ఈ ఊళ్ళో చలికాలమంటే అదే. ఎవరి వాకిట్లో గుట్ట పెద్దదైతే వారికంత గొప్ప.

చదివినదంతా కూడగట్టుకుని పంతులమ్మను అడిగాను. "బెంగళూరులో ఇళ్ళమీద తెల్లగా మంచు పేరుకునేది ఎప్పుడన్నా చూసినావామ్మా?"

"నేను చూళ్ళేదప్పా. ఇన్‌స్పెక్టరు దొర చూసి ఉండాడు. రేపొస్తాడు."

నేను మళ్ళీ నోరు తెరిచేలోగా సీత నా పంచె లాగింది. "తాతా, నువ్వు గెలిస్తే నన్ను రేపూ బయటే నిలబెడతారు. దూది తెచ్చియ్యి, చాలు."

దొరల పుస్తకాలతో జన్మంతా పోట్లాడినవాణ్ణి, సాయంత్రం కూర్చుని నా తలగడ కుట్లు విప్పాను. సీత ఇప్పుడు శ్రద్ధగా మంచు అంటిస్తోంది. మీ ఇళ్ళలో ఎవరి తలగడ పలచబడిందో చెప్పండి.