దాలమ్మ కట్టిన కట్టు

ప్రాణం నిలబెట్టిన డాక్టర్ల కథలు మీరు చాలా విని ఉంటారు. ఒక్క మాటతో పచ్చి బాలింతకు ఊపిరాడకుండా చేసిన డాక్టర్ని నేను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

పట్టా చేతికొచ్చిన కొత్త. అనంతగిరి వైపు కొండల్లో చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం, పైగా జనవరి చలి. రాధ అనే అమ్మాయికి సిజేరియన్ అయి రెండో రోజు. మగపిల్లాడు. తోడుగా అత్త దాలమ్మ. పొద్దున్నే కుట్లు శుభ్రం చేసి, పైన కొత్త కట్టు వేసి, దాలమ్మతో అన్నాను.

"కట్టు జాగ్రత్త. వదులు కానివ్వొద్దు."

"అలగేనమ్మా."

పదింటికల్లా రాధకు ఆయాసం. వేలికి మీటరు పెడితే ఆక్సిజన్ తొంభై నాలుగు. చలికి వేళ్లు గడ్డకడితే మీటరు అబద్ధమాడుతుందని చెయ్యి వేడి చేయించాను. తొంభై మూడు. గోళ్లకున్న గోరింటాకు మీద అనుమానంతో చెవికి పెట్టాను. తొంభై రెండు! రెండు దుప్పట్ల కింద వణుకుతున్న పిల్లను కదపడమెందుకని, అంచులోంచి స్టెతస్కోపు దూర్చి విన్నాననిపించాను.

వెళ్తూ అడిగాను. "కట్టు గట్టిగానే ఉందా?"

"కూసింత వదులైనట్టుందమ్మా."

"చెప్పానా! గట్టిగా ఉండాలి."

మధ్యాహ్నానికి తొంభై. మాస్కు పెట్టాం. ఇక నా బుర్రలో పాఠ్యపుస్తకాలన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. కాలి నరంలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి చేరిందా? కాన్పు తర్వాత గుండె నీరసించిందా? మత్తుమందు వికటించిందా?

"అవన్నీ అరుదు కదా మేడమ్" అంది సిస్టరు.

"అరుదైనవే మనకు తగులుతాయి" అన్నాను, అదేదో గొప్పయినట్టు.

విశాఖ పంపిద్దామని అంబులెన్స్ పిలిపించాను. రాధ మాస్కులోంచే అడిగింది.

"గుంటడో?"

"బాబు నానమ్మ దగ్గరుంటాడులే."

రాధ కళ్లనిండా నీళ్లు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో ఈ పిల్లకేమైనా అయితే ఆ పసివాడి గతేమిటి?

"ఒక్క నిమిసం ఆగండమ్మా" అంది దాలమ్మ. "కట్టు మల్లీ వదులైనాది. దారిలో జారిపోద్ది. బేగి బిగించీసి పంపుతాను."

దుప్పట్లు తీసింది. రొమ్ముల కిందనుంచి తుంటి దాకా పాత చీర, చుట్టు మీద చుట్టు. కాఫీ బస్తాను కూడా అంత బిగించి కట్టరు.

"ఏమిటిది?"

"నడికట్టు కదమ్మా. బాలింతకి కట్టకపోతే పొట్ట జారిపోదేటి?"

ముడి విప్పించాను. తొంభై మూడు. తొంభై అయిదు. కాసేపటికి తొంభై ఏడు. రాధ మాస్కు పక్కకు లాగి, "గుంటణ్ణి ఇటియ్యండి" అంది.

గండం గడిచాక నాకు కోపం వచ్చింది. "ఇంత గట్టిగా ఎవరు కట్టమన్నారు?"

"ఏటలగంతావు! నాను వదులుగానే కట్టినాను. వచ్చినప్పుడల్లా వదులు కానీకు, వదులు కానీకు అన్నది నువ్వే కదా! ఊపిరాడ్నేదని ఈ గుంట ఏడుస్తుంటే, డాక్టరమ్మ కన్నా నీకెక్కువ తెల్సేటని తిట్టీసి మరీ బిగించినాను."

రోగి కోరిందీ గాలే, వైద్యుడు ఆపిందీ గాలే. నేను తప్పు చేశాను, తిట్లు రాధ తింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సిస్టరు కేసు షీటు తెచ్చింది. "ఆయాసానికి కారణం ఏం రాయమంటారు?"

"కట్టు."

"ఏ కట్టు మేడమ్?"

ఆ క్షణంలోనే, విప్పి పడేసిన ఆ చీర సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బొందిలో ప్రాణముండగా, ఎంత చలైనా సరే, దుప్పటి ఎత్తనిదే నోరెత్తను.