తాళంచెవి దగ్గరుంటే చాలు

మా తమ్ముడు కారు కొన్న రోజు దాన్ని నడిపి చూపించలేదు. తాను నడిచి చూపించాడు. రేపల్లెలో అమ్మ ఇంటి ముందు కారు ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళాడు. వాడు దూరమవుతుంటే కారు కీచుమని ఒక్కసారి అరిచింది, పక్క అద్దాలు రెండూ ముడుచుకున్నాయి. వెనక్కి వస్తుంటే అద్దాలు విచ్చుకున్నాయి, లైట్లు వెలిగాయి.

"తాళం బయటికి తియ్యక్కర్లేదమ్మా. దగ్గరుంటే చాలు, దానికి తెలిసిపోద్ది" అన్నాడు.

అమ్మ మళ్ళీ చెయ్యమంది. వాడు మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. నాకు ఇలాంటి ముచ్చట్లు చూస్తే చిరాకు. తెనాలిలో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి అలా తయారయ్యాను. "బండెక్కించి ఎక్కడికైనా తీసుకెళ్తావా, ఇట్టా వీధి కొలుస్తానే ఉంటావా?" అన్నాను. వాడు నవ్వి, అమ్మ కోసం ఇంకోసారి నడిచాడు.

బండి అమ్మ పేరు మీదే కొన్నాడు. రైసు మిల్లు ఆఫీసులో చేరినప్పటి నుంచీ వాడికి అదొక్కటే కోరిక. ఆ సాయంత్రం పాస్టరుగారు వచ్చి, తాళంచెవులు రెండూ చేతిలో పట్టుకుని ప్రార్థన చేశారు. ఆయన వెళ్ళాక ఒకటి బీరువాలో పెట్టమన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. కలిపి ప్రార్థన చేసినవాటిని విడదియ్యకూడదట. పెళ్ళిలో దంపతులకు చెప్పే మాట తాళంచెవులకు కూడా వర్తిస్తుందని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. తమ్ముడు మాత్రం మారు మాట్లాడకుండా రెండూ ఒకే రింగుకు తగిలించుకున్నాడు. అమ్మ ఏం చెప్పినా వాడికి వేదవాక్కే.

ఆ రింగుతోనే సూర్యలంక బీచికి వెళ్ళాడు. ఆదివారం పూట మిల్లులో పనిచేసే స్నేహితులతో సరదాగా వెళ్ళాడు. ఫోను, పొడిబట్టలు కారులో పెట్టి, తాళంచెవుల రింగు నిక్కరు జిప్పు జేబులో వేసుకుని నీళ్ళలోకి దిగాడు. పెద్ద అల వచ్చింది. మిగతావాళ్ళు ఒడ్డుకు కొట్టుకొచ్చారు. వాడు రాలేదు.

పడవలు వెతికాయి. వలలు వేశారు. అక్కడి బెస్తవాళ్ళలో ఒక పెద్దాయన అమ్మ పక్కన కూర్చుని, "సముద్రం ఎవర్నీ ఉంచుకోదమ్మా, తిరిగిచ్చేస్తది" అన్నాడు. ఆయన చెప్పింది శవం గురించి. అమ్మ విన్నది కొడుకు గురించి. సముద్రం ఏదీ తిరిగివ్వలేదు.

కారు మాత్రం సరుగుడు చెట్ల కింద, వేయించిన చేపలమ్మే కొట్టు పక్కన, వాడు ఆపినచోటే ఉండిపోయింది. చర్చి అయ్యాక ప్రతి ఆదివారం అమ్మ బాపట్ల బస్సెక్కేది. అక్కణ్ణుంచి ఆటో. ఆ కొట్టామె వేసిన స్టూలు మీద కూర్చుని కారు అద్దాల వంక చూసేది. వాడు దగ్గరకొస్తే ముందు అవే విచ్చుకుంటాయని ఆమె నమ్మకం. ఒళ్ళో ఒక తువ్వాలు పెట్టుకునేది. ఏంటమ్మా అది అని మొదటిసారి అడిగాను. "తడిసి వస్తాడు గదే" అంది.

నెలలు గడిచాయి. నాకు ఏడుపు అయిపోయి కోపం మొదలైంది. వాడి మీద, అమ్మ మీద, ఆ పెద్దాయన మీద, అన్నిటికంటే ఎక్కువ ఆ కారు మీద. అది అక్కడ ఉన్నంతకాలం అమ్మ ఆ స్టూలు దిగదు. దాన్ని ఎలాగైనా అక్కణ్ణుంచి తెచ్చేస్తే ఆదివారాలు ఆగుతాయని నా లెక్క. కొట్టామె కూడా ఫోను చేసి, "ఉప్పుగాలి బండిని తినేస్తందక్కా, చక్రాల్లో గాలి కూడా దిగిపోయింది" అని చెప్పింది.

షోరూముకు వెళ్ళాను. బండి ఎవరి పేరున ఉందో వాళ్ళే వచ్చి, తాళంచెవులు పోయాయని రాసి సంతకం పెట్టాలన్నారు. కాగితం తీసుకుని రేపల్లె వెళ్ళాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడిచి నా చేతికిచ్చేసింది.

"తాళాలు పోలేదు. వాడి దగ్గరున్నాయి" అంది.

"వాడెక్కడున్నాడమ్మా?" అని అడగగలిగితే నేను ఈపాటికి ఎప్పుడో అడిగి ఉండేదాన్ని.

చివరికి తెనాలిలోనే ఒకతన్ని పట్టుకున్నాను. కార్ల దగ్గరికే వచ్చి కొత్త తాళంచెవులు చేసిపెడతాడు. మాటకారి. బండి కాగితాలు, ఆధారు ఉండాలి, బండి గలావిడ ఎదురుగా ఉండి ఊఁ అంటే చాలన్నాడు. పాత తాళం దగ్గరికొస్తే అద్దాలు ఇప్పుడూ విచ్చుకుంటాయా అని అడిగాను.

"ఇన్నాళ్ళు నిలబెట్టేస్తే బండి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయుంటదండి. తాళం తెచ్చి పక్కనే పెట్టినా పలకదు. ఇంతకీ పాత తాళాలు ఎక్కడ పోయినయ్యండి?"

"సముద్రంలో" అన్నాను.

"అయితే వాటి పనీ అయిపోయినట్టే. ఉప్పునీళ్ళకి లోపలంతా తుప్పు పట్టేస్తది."

అంటే అమ్మ ఇన్ని వారాలూ చచ్చిన బండి ముందు కూర్చుని, చచ్చిన తాళంచెవి కోసం చూస్తోంది. ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఆ ఆదివారం అమ్మకు చెప్పకుండా అతన్ని సూర్యలంక తీసుకెళ్ళాను. పెట్టె, బ్యాటరీ దించుతున్న మనిషిని చూసి అమ్మ స్టూలు మీంచి లేచింది. వచ్చి డ్రైవరు తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"ఏంటే ఇది?"

"కొత్త తాళం చేయిద్దామమ్మా. బండి ఇంటికి తీసుకెళ్దాం. ఇక్కడుంటే ఇనుము కూడా మిగలదు."

అమ్మ నన్ను వదిలేసి అతన్ని అడిగింది. "కొత్తది చేస్తే పాతది పనిచేస్తదా బాబూ?"

నేను కళ్ళతో సైగ చేశాను. అతను చూడలేదు. చూసినా అర్థమయ్యేది కాదు.

"చెయ్యదమ్మా. ఒక్క తాళం కూడా చేతిలో లేనప్పుడు పాతవన్నీ బండిలోంచి చెరిపేస్తేగాని కొత్తది ఎక్కదు. రేపు పాతది దొరికినా బండి స్టార్టవదు."

అమ్మ తల అడ్డంగా ఊపింది. అతను తన బేరం పోతుందనుకున్నాడేమో, గబగబా అన్నాడు. "తలుపు మాత్రం తెరుచుకుంటదండి. ఆ పాత తాళం రిమోట్లోనే చిన్న ఇనప తాళంచెవి దూర్చి ఉంటది. దాంతో తీసుకోవచ్చు."

"తలుపు తెరుచుకుంటదా?"

"తెరుచుకుంటదమ్మా."

అమ్మ వెనక్కి చెయ్యి పెట్టి తలుపు పిడి తడిమింది. తరవాత తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగింది.

"తలుపు తెరుచుకుంటే చాలు. లోపల కూర్చుని హారన్ కొడతాడు. అది విని వాడి దగ్గరికి నేను వెళ్తా" అంది. స్టూలు దగ్గరికి నడుస్తూ, నా వైపు చూడకుండానే, "తాళాలు రెండూ కలిపి ఉంచమంది నేనే గదా" అంది.

అతను సన్నని పనిముట్టుతో తలుపు తీశాడు. వెనక సీటులో వాడి చొక్కా, ప్యాంటు ఇస్త్రీ మడత చెదరకుండా ఉన్నాయి. ఆగిపోయిన ఫోను పక్కనే ఉంది. వాటిని నేను ముట్టుకోలేదు. అతను కొత్త బ్యాటరీ బిగించి, చేతిలోని యంత్రాన్ని బండికి తగిలించి, ఏవేవో నొక్కుతూ కూర్చున్నాడు. సముద్రం వైపు నుంచి గాలి విసురుగా వస్తోంది. పిల్లలతో వచ్చినవాళ్ళు చేపలు కొనుక్కుని తింటున్నారు. బండి లోపల ఏదో రెండుసార్లు టిక్కుమంది. అతను దిగి తలుపు వేసి, కొత్త తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఒకసారి దూరంగా వెళ్ళి రండి మేడమ్. పనిచేస్తందో లేదో చూద్దాం."

అమ్మ చూసేది ఆ అద్దాల వంకేనని నాకు అప్పుడైనా గుర్తురావాల్సింది. రాలేదు. పది అడుగులు చెట్లలోకి వెళ్ళి వెనక్కి వచ్చాను. కారు లైట్లు వెలిగాయి. అద్దాలు రెండూ విచ్చుకున్నాయి.

అమ్మ స్టూలు మీంచి లేచింది. ఆమె నావైపు చూడలేదు, అతనివైపు చూడలేదు. సముద్రం వైపు తిరిగింది. తువ్వాలు మడత విప్పి రెండు చేతులా పట్టుకుని ఇసకలోకి నడిచింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మనిషి. చెప్పులు వదిలేసి నడిచింది.

"అమ్మా" అంటూ నేను వెనకాలే పరిగెత్తాను. ఆమె ఆగలేదు. నీళ్ళ అంచున ఆగి, అటూ ఇటూ చూసింది. నీళ్ళలో ఎవరెవరో ఉన్నారు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయింది.

మా వెనక, చెట్ల కింద, కారు కీచుమని ఒక్కసారి అరిచింది.

అమ్మ తిరిగి చూసింది. అద్దాలు ముడుచుకున్నాయి.

"వెళ్ళిపోయాడా?" అని అడిగింది.

అబద్ధం చెబుదామనిపించింది. ఏ అబద్ధం చెప్పాలో కూడా తెలియలేదు. గుప్పిట తెరిచి చూపించాను.

"తాళం నా దగ్గరుందమ్మా" అన్నాను.

అమ్మ నా అరచేతిని చూసింది. కాళ్ళ మీదికి నీళ్ళు వచ్చి పోయాయి. తరవాత తువ్వాలు అంచుకు అంచు కలిపి మడత పెట్టడం మొదలుపెట్టింది.