పాల్వంచలో నాలుగో మ్యాచ్

ఖమ్మం బస్టాండు నుంచి కొత్తగూడెం వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఉదయం ఎనిమిదిన్నరకు కదిలింది. ఆదివారం కావడంతో కిటికీ పక్క సీటు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఈ దారిన వెళ్లదలచిన ఆడవాళ్లు కార్డు మరిచిపోవద్దు. ఫోనులో ఫొటో చూపిస్తే ఒక్కో కండక్టర్ ఒక్కో మాట అంటాడు.

నేను వెళ్తున్నది బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి. ఆఫీసులో ఈ మాట చెబితే నవ్వారు. నా ఎత్తు ఐదడుగులు. జన్మలో బంతి పట్టిన పాపాన పోలేదు. అయితే కొత్తగా మొదలైన ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగులో ఖమ్మానికీ ఒక జట్టు వచ్చింది. వాళ్లు ఆడే హాలు నేను ఆఫీసు నుంచి ఇంటికి నడిచే దారిలోనే ఉంది. మొదటి మ్యాచ్ రోజు వాన పట్టుకుంటే లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఆట అయ్యి బయటికొచ్చేసరికి రోడ్డు ఆరిపోయి ఉంది. వాన ఎప్పుడు వెలిసిందో నాకు తెలియలేదు.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. రెండోదీ ఓడాం. మూడోది ఎట్లాగో గెలిచాం. సీజన్ మొదట్లో జట్టు ఆట చూడాలంటే ఓపిక కావాలి. కెప్టెన్ విజయవాడ అమ్మాయి, బుట్ట కింద నిలబడే పొడుగమ్మాయి కేరళ నుంచి వచ్చింది. మిగిలినవాళ్లు తలా ఒక ఊరు. ఒకరు బంతి విసిరే చోటికి ఇంకొకరు రారు. వచ్చేసరికి బంతి గీత దాటి ప్రేక్షకుల కాళ్ల దగ్గర ఉంటుంది. ఒకసారి అది నా కాళ్ల దగ్గరికే వచ్చింది. తీసి ఇస్తే కెప్టెన్ "థ్యాంక్స్ ఆంటీ" అంది. బహుశా ఆ రోజు నుంచే నేను వాళ్ల మనిషినయ్యాను.

నాలుగో మ్యాచ్‌ను పాల్వంచలో ఒక కాలనీ ఇండోర్ హాల్లో పెట్టారు. రైల్లో వెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగి పాల్వంచకైనా, భద్రాచలానికైనా మళ్లీ బస్సెక్కాల్సిందే. అందుకే నేను బస్సుతోనే సరిపెట్టుకున్నాను.

ఏన్కూరు దాటాక రెండువైపులా పత్తి చేలు, మిర్చి తోటలు. పది గంటలప్పుడు జూలూరుపాడులో భార్యాభర్తలిద్దరు ఎక్కారు. నలభై ఏళ్లు దాటి ఉంటాయి. ఆమె నా పక్కన కూర్చుని ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుంది. ఆయన వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"పాల్వంచ ఎంతసేపు పడతది మేడం?" అని అడిగింది.

"గంటకు పైనే. పని మీద పోతున్నరా?"

"మా బిడ్డ ఆడుతది ఆడ. బంతాట."

పేరు అడిగాను. స్వరూప అంది. నాకు వెంటనే గుర్తొచ్చింది. పన్నెండో నంబరు బనియను, బిగించి కట్టిన జడ. ఆట ఆగినప్పుడల్లా మిగిలినవాళ్లకు మంచినీళ్ల సీసాలు అందించే అమ్మాయి. మూడు మ్యాచ్‌లలో ఒక్కసారి కూడా కోర్టులోకి దిగలేదు.

నేను జట్టు మ్యాచ్‌లన్నీ చూశానని తెలియగానే ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. ఆమె పేరు ముత్తమ్మ. భర్త భద్రయ్య. కోయవాళ్లు. జూలూరుపాడు నుంచి బాగా లోపలికి, అడవి అంచున వాళ్ల గూడెం. స్వరూప ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటూ ఆట నేర్చుకుంది. కూతురి ఆట చూడటానికి వీళ్లు రావడం ఇదే మొదలు.

"పత్తి ఏరుడు నడుస్తున్నది. ఒక్క వాన పడ్డదంటే అంత ఖరాబైతది. అయినా ఈయన పోదమన్నడు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎట్లాడుతదక్కా మా పిల్ల? ఫోన్ల అడిగితే మంచిగనే ఆడుతున్న అంటది," అంది.

ఇంకొన్ని గంటల్లో వాళ్లే చూస్తారు. అంతమంది మధ్య తెలియడం కంటే ఇక్కడ తెలియడమే నయమనిపించింది.

"ఇంకా దింపలేదమ్మా. జట్టుల పన్నెండు మంది ఉంటరు. ఒక్కసారి ఆడేది ఐదుగురే. మిగిలినోళ్లు బెంచి మీద కూసోవాలె. కొత్తపిల్ల గదా, స్వరూప ఇప్పటిదాకా కూసునే ఉన్నది."

ముత్తమ్మ వెనక్కి తిరిగి భర్తకు కోయలో చెప్పింది. ఆయన రెండు మాటల్లో జవాబిచ్చాడు. ఏమన్నాడని అడిగాను.

"కూసున్నా చూసెటందుకే పోతున్నం గద, అంటున్నడు."

కొత్తగూడెం వచ్చేలోపు, చెప్పి తప్పు చేశానా అని నేను రెండు మూడుసార్లు అనుకున్నాను.

పదకొండున్నరకు పాల్వంచలో దిగాం. థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు బస్సులోంచే కనిపించాయి. హాలు దాకా ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. హోటల్లో భోజనం చేద్దామంటే ముత్తమ్మ ఒప్పుకోలేదు. హాలు ఆవరణలో నీడ చూసుకుని క్యారియర్ విప్పింది. అన్నం, ఎండుచేపల పులుసు. నాకూ పెట్టింది. పులుసు కారంగా, బాగుంది.

రెండు గంటలకు జట్టు వ్యాను వచ్చింది. స్వరూప దిగుతూ అమ్మానాన్నలను చూసి మెట్టు మీదే ఆగిపోయింది. నవ్వలేదు. చెయ్యి కొంచెం ఎత్తి, మిగిలినవాళ్లతో లోపలికి వెళ్లిపోయింది.

"బయపడ్డది," అన్నాడు భద్రయ్య. నేను విన్నంతలో ఆయన తెలుగులో అన్న మొదటి మాట అది.

ఆట మూడింటికి మొదలైంది. హాలు సగానికి పైగా నిండింది. ఎక్కువమంది ప్లాంటులో మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు. ఎదుటి వరంగల్ జట్టుదే మొదటి నుంచీ పైచేయి. వాళ్లలో ఒక బలమైన అమ్మాయి బంతి పట్టుకుని నేరుగా బుట్ట మీదికి దూసుకొస్తుంటే మావాళ్లు పక్కకు తప్పుకుంటున్నారు. అయినా మూడో క్వార్టర్ అయ్యేసరికి తేడా ఆరు పాయింట్లకు తగ్గింది. ముత్తమ్మ ఆటను పెద్దగా చూడలేదు. బెంచి వైపే చూస్తూ కూర్చుంది.

చివరి క్వార్టర్ మధ్యలో కేరళ అమ్మాయికి ఐదో ఫౌల్ పడింది. ఐదు పడితే బయటికి పోవాల్సిందే. ఆమెకు బదులు ఆడే అమ్మాయి మడమకు అప్పటికే కట్టు కట్టి ఉంది. కోచ్ బెంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, స్వరూపను పిలిచింది.

మొదట అందిన బంతినే స్వరూప ఎదుటివాళ్ల చేతికి ఇచ్చేసింది.

"అది తప్పా అక్కా?" అని అడిగింది ముత్తమ్మ.

"అవ్."

తర్వాత ఆ బలమైన అమ్మాయి మళ్లీ దూసుకొచ్చింది. ఈసారి స్వరూప దారికి అడ్డంగా నిలబడింది. తప్పుకోలేదు, చేతులు కూడా ఎత్తలేదు. ఆ అమ్మాయి వచ్చి స్వరూప ఛాతీకి గుద్దుకుంది. స్వరూప వెల్లకిలా పడి కొంత దూరం జారిపోయింది. రిఫరీ విజిల్ వేసి, తప్పు గుద్దిన అమ్మాయిదని చెయ్యి చూపించాడు. హాలంతా చప్పట్లు. నేను లేచి అరిచానట. నాకు గుర్తు లేదు.

ముత్తమ్మ కూడా లేచింది, కోపంగా. "పిల్ల పడితే చప్పట్లు కొడుతున్నరేందక్కా?"

"పడ్డందుకు కాదమ్మా. కదలకుండ నిలబడ్డందుకు. గిట్ల నిలబడితే గుద్దినోళ్లదే తప్పు. బంతి మనకొస్తది."

ఆమెకు నమ్మకం కుదరలేదు. భద్రయ్య భార్య చెయ్యి పట్టి కూర్చోబెట్టి, కోయలో చాలాసేపు ఏదో చెప్పాడు. అంతలో స్వరూప లేచి మోచెయ్యి తుడుచుకుని తన చోటికి పోయింది. ఆ తర్వాత వరంగల్ అమ్మాయి బుట్ట మీదికి అంత వేగంగా రాలేదు.

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

బయట వ్యాను దగ్గర ముత్తమ్మ ముందుగా కూతురి మోచెయ్యి తిప్పి చూసింది. చర్మం గీసుకుపోయింది. "దవాఖానకు పోదామా?" అంది. స్వరూప వద్దని తల ఊపింది. భద్రయ్య కూతురి తల మీద చెయ్యి పెట్టి తీసేశాడు. ముగ్గురూ కోయలో మాట్లాడుకుంటుంటే నేను కొంచెం పక్కకు జరిగాను. కాసేపటికి స్వరూపే నా దగ్గరికి వచ్చింది.

"నేను బెంచి మీదనే కూసుంటున్నా అని అమ్మోళ్లకు మీరే చెప్పిండ్రా మేడం?"

"అవ్ స్వరూపా. బస్సుల అడిగిండ్రు, చెప్పిన."

ఆమె బూటు లేసు వైపు చూస్తూ, "మంచిగైంది," అంది. "నాకు చెప్పనీకె నోరు రాలే. ఇయాల గిట దింపకపోతే వీళ్ల మొకం ఎట్ల చూడాలె అని పొద్దంత అదే రంది."

భార్యాభర్తలు జూలూరుపాడు బస్సెక్కారు. ముత్తమ్మ కిటికీలోంచి, "మా దిక్కొస్తే ఇంటికి రాండ్రి అక్కా," అంది.

ఇంత దూరం వచ్చాక గోదావరి చూడకుండా పోవడం ఎందుకని నేను భద్రాచలం బస్సెక్కాను. సారపాకలో పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర తెచ్చిన లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. వంతెన మీదికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. నీళ్లు ఇసుక తిన్నెలను వదిలి ఒక పక్కకు పోయి పారుతున్నాయి. బస్టాండు దగ్గరి లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, దోమలు మాత్రం ఉన్నాయి. ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

మర్నాడు ఆఫీసుకు సెలవు చెప్పి, ఇడ్లీ తిని ఏడు గంటల బస్సుకు తిరుగు ప్రయాణమయ్యాను. నాలుగు మ్యాచ్‌లు, మూడు ఓటములు. పాయింట్ల పట్టికలో మా జట్టు కింది నుంచి రెండోది. పేపరులో ఈ మ్యాచ్ గురించి రెండు వాక్యాలు వేశారు, స్వరూప పేరు లేదు. అయినా నేను చూసిన నాలుగింటిలో మా వాళ్లు ఒకరి కోసం ఒకరు ఆడినట్టు కనిపించింది ఇందులోనే. స్వరూప పడినప్పుడు లేపడానికి మిగిలిన నలుగురూ పరుగెత్తారు. మొదటి మ్యాచ్‌లో ఎవరైనా పడితే ఎవరి చోట వాళ్లే నిలబడి చూశారు.

పాల్వంచలో రాత్రి షిఫ్టు దిగిన ఒకాయన ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "నిన్న హాల్ల లేచి అరిసింది మీరే గద మేడం?" అన్నాడు. అవునన్నాను.

"గా పన్నెండో నంబరు పిల్ల, గుద్దితే పడ్డదే, ఆమెది ఏ ఊరు?"

"జూలూరుపాడు దిక్కు. పేరు స్వరూప."

"స్వరూప," అని ఆయన ఒకసారి అనుకున్నాడు. "ఖమ్మంల మ్యాచ్ ఎప్పుడు మళ్ల?"

"వచ్చే ఆదివారం."

"ఆమె ఆడతదా?"

"తెల్వదు. కోచ్ దింపితే ఆడతది, లేకుంటే కూసుంటది," అన్నాను. "నేనైతే పోత."