ఆవిడ ఊపిరి ఎప్పుడు ఆగింది

మూడు నెలల అంబులెన్సు డ్యూటీలో అది నా ఆఖరి వారం. రెండేళ్ళ కోర్సు, పరీక్షలు, రబ్బరు బొమ్మ ఛాతీ మీద నొక్కిన నొక్కుళ్ళు అన్నీ అయిపోయాయి. మిగిలింది నా డ్యూటీ పుస్తకంలో ఒక్క సంతకం. బండి వెనక ఒక్కదాన్నే ఉండి రోగిని క్షేమంగా చేర్చగలనని మా సీనియర్ రాసివ్వాలి. అంతకుముందు గుడివాడ కేసులో చేతులు వణికి సూది కింద పడేస్తే ఆయన పెట్టలేదు. ఈసారి కూడా పెట్టకపోతే కోర్సంతా దండగే. మా గూడూరులో అప్పటికే నన్ను "డాక్టరమ్మా" అని ఆటపట్టిస్తున్నారు. తలుచుకుంటేనే ఒళ్ళు మండేది.

సీనియర్ బందరులో పుట్టి పెరిగిన ముస్లిం, యాభై దాటిన మనిషి. ఆయన చెప్పే పాఠం ఒక్కటే. "మెషిన్ని నమ్మొద్దమ్మా. ఛాతీని చూడు. కళ్ళు అక్కణ్ణించి తీయొద్దు." వినీ వినీ విసుగొచ్చి, "సరేనండీ, కళ్ళు అక్కడే అతికించేసుకుంటాను" అని ఒకసారి ఎదురు కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం దివిసీమలో ఒక చిన్న ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. నాట్లు వేస్తున్న ఒకావిడను తాచుపాము కరిచింది. మందు ఎక్కిస్తున్నారు గానీ రెప్పలు వాలిపోతున్నాయి, వెంటనే బందరు తీసుకెళ్ళాలి. ఆ విషం ఊపిరి తీసే కండరాలను చచ్చుపడేస్తుంది. మందు పనిచేసేలోపు ఊపిరి ఆగితే, ఆ క్షణమే మూతికి మాస్కు పెట్టి, బ్యాగు నొక్కుతూ మనమే గాలి అందించాలి.

"ఇవాళ నీదే," అని సీనియర్ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నారు. వెనక నేను, ఆవిడ, ఆవిడ అత్తగారు. గతుకులకు, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే వేలి క్లిప్పు ఊడిపోయి మెషిన్ ఊరికే కూస్తోంది. మూడుసార్లు సరిచేశాను. నాలుగోసారి చిరాకొచ్చి శబ్దం ఆపేశాను. నాకు కళ్ళున్నాయిగా అనుకున్నాను.

చల్లపల్లి దాటాక అత్తగారు నా మెడలో సిలువ చూశారు.

"మనోళ్ళేనామ్మా?"

"అవునండీ."

"అయితే ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందాం తల్లీ. ఒక్కదాన్నే చేద్దామంటే నోరు రావట్లేదు."

మా ఇంట్లో ప్రార్థనంటే కళ్ళు మూయాల్సిందే. చిన్నప్పుడు దొంగచూపులు చూస్తే అమ్మ తొడపాశం పెట్టేది. "ప్రేమగల తండ్రీ" అని ఆవిడ మొదలుపెట్టగానే, నేను అనుకోకుండానే నా రెప్పలు వాలాయి. నా రెండు చేతులూ ఆవిడ చేతుల్లో ఉన్నాయి. కోడలిని, పసిపిల్లలిద్దరినీ, డాక్టర్లను, చివరికి పేరైనా తెలియని నన్నూ ఆవిడ దేవుడికి అప్పగించారు. నాకు ఏడుపొచ్చింది. ఆమెన్ అని కళ్ళు తెరిచాను.

కోడలి ఛాతీ కదలడం లేదు. పెదాలు నల్లబడిపోయాయి.

నా కేక విని సీనియర్ బండి ఆపించి వెనక్కి ఎక్కారు. ఆయన మాస్కు అదిమి పట్టుకుంటే నేను బ్యాగు నొక్కాను. నాడి ఉంది, సన్నగా. బందరు దాకా ఆ అరగంటా నొక్కుతూనే ఉన్నాను. దారిలోనే పెదాలకు రంగొచ్చింది గానీ ఆవిడకు స్పృహ రాలేదు. ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచర్ దించుతుంటే సీనియర్, "చెయ్యి వణకలేదమ్మా, బాగా చేశావు," అని నా పుస్తకం తీసుకుని పెన్ను క్యాపు విప్పారు.

అప్పుడే డాక్టరుగారు అడిగారు. "ఊపిరి ఎప్పుడు ఆగింది? ఎంతసేపటికి బ్యాగు మొదలుపెట్టారు?"

మెదడుకు ఎంతసేపు గాలి అందలేదో తెలిస్తే వాళ్ళు దానికి తగ్గట్టు చూసుకుంటారు. "వెంటనే" అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో నా రెండేళ్ళూ నాకు దక్కుతాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అనేద్దామనే అనుకున్నాను.

"తెలీదండీ," అన్నాను. "ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాను. మూడు నిమిషాలో నాలుగో. మెషిన్ సౌండు కూడా నేనే ఆపేశాను."

డాక్టరుగారు నన్ను తిట్టను కూడా తిట్టకుండా లోపలికి పరుగెత్తారు. సీనియర్ పెన్నుకు క్యాపు పెట్టేసి పుస్తకం నా చేతికిచ్చారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తగారు నా ముంజేయి పట్టుకున్నారు. "అయితే, నేను ప్రార్థన పెట్టబట్టేనామ్మా?"

"కాదండీ, తప్పు నాది. మీరు దేవుడితో మాట్లాడతారు, మీ కోడల్ని చూసుకోవాల్సింది నేను," అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

లోపల కోడలికి మెషిన్ ఊపిరి పోస్తోంది. గంటకల్లా వాళ్ళ పాస్టరుగారు వచ్చి, ప్రార్థన చేద్దాం రండమ్మా అని పిలిచారు. అత్తగారు అద్దం తలుపు దగ్గర్నించి కదల్లేదు.

"మీరు కానివ్వండయ్యగారూ," అన్నారు. "నేను పిల్లని చూస్తా ఉండాలి."