నెల ఆగిన రేడియో

డిప్లొమా అయ్యాక బీదరు పక్కన నౌబాద్‌లో ఒక చిన్న కార్ఖానాలో చేరాను. రోజంతా మోటార్లకు తీగ చుట్టడమే పని. సాయంత్రానికి వేళ్లు మొద్దుబారిపోతాయి. ఇదే పని ఒకప్పుడు, ఏడో తరగతిలో, ఎవరూ చెప్పకుండానే చేశాను. నూట పది చుట్లు, లెక్క తప్పకుండా.

అది కరెంటు అక్కరలేని రేడియో. కావలసినవి: అట్టగొట్టం, సన్నని రాగి తీగ, జొన్నగింజంత డయోడ్, పైకప్పు మీద కట్టే పొడుగు తీగ, లైన్‌మన్ మామ ఇచ్చిన పాత టెలిఫోను చెవిగొట్టం.

చేసింది మా అక్క కోసం. నర్సు శిక్షణకు హుబ్లీ వైపు చోటు దొరికింది, ఇరవై రోజుల్లో వెళ్లాలి. "ఆడ తెలుగు మాట్లాడే మనిషి ఉంటదో ఉండదో. పోయేలోపల హైదరాబాదు స్టేషన్ పాట ఒక్కటి వినిపియ్‌రా" అంది. ఇంట్లో రేడియో లేదు. బజారు హోటల్లో అన్నీ హిందీ పాటలే.

ఎలా చేయాలో సైన్సు మాస్టారు ఇచ్చిన కాగితంలో ఉంది, కన్నడంలో. నేను జహీరాబాదు దగ్గర తాత ఊళ్లో తెలుగు బడి చదివి, ఆ ఏడే బీదరు బడిలో చేరాను. రెండు లిపులూ దగ్గరివి కాబట్టి గడగడా చదివేవాణ్ణి. అర్థం మాత్రం సగం ఊహే. చివరి వాక్యం: 'ఈ తంతియన్ను నెలక్కె జోడిసి.' ఈ తీగను నెలకు కలపమని. తీగచుట్టకు మైనం పూశాను కదా, అది నెల రోజులు ఆరాలేమో అనుకున్నాను. ఆ తీగను చుట్టి పక్కన పెట్టేశాను.

"ఏమాయెరా, పలుకుతుందా?" అని అక్క రోజూ అడిగేది.

"నెల ఆగాలె అక్కా. కాగితంల రాసుంది."

"నెలనా? రేడియో చేస్తున్నవా, ఆవకాయ పెట్టినవా?"

"ముందే కలిపితే ఖరాబైతది."

ఆమె నవ్వింది గానీ, వెళ్లే ముందు రోజు కూడా ఆ చెవిగొట్టం ఒకసారి పెట్టుకుని చూసింది. ఏమీ లేదు.

నెల నిండాక, దేనికి కలపాలో తెలియక, తీగను మేకుకు కట్టాను, తలుపు గడియకు కట్టాను. పలకలేదు. కాగితం మాస్టారికి చూపించాను. ఆయన ఆ మాట మీద వేలు పెట్టి, చెప్పుతో నేలను రెండుసార్లు కొట్టారు. "కన్నడంలో నెల అంటే ఇది" అన్నారు.

ఎర్ర మొరం నేలలో ఇనుప కమ్మీ దిగడానికి ఒక ఆదివారం పట్టింది. ఉప్పు వేసి నీళ్లు పోసి తీగ కట్టాను. దూరంగా, సన్నగా, ఎవరో ఆడమనిషి తెలుగులో పాడుతోంది. చివరిదాకా వినలేదు, చెవిగొట్టం కింద పెట్టేశాను.

క్రిస్మస్‌కు అక్క రెండు రోజుల సెలవు మీద వచ్చింది. వారమంతా డ్యూటీ, ఆపైన బస్సు ప్రయాణం. వచ్చీ రాగానే కూర్చోబెట్టి చెవిగొట్టం ఇచ్చాను.

"వస్తుందా?"

"ఊ."

"ఏం పాట?"

అప్పటికే అక్క గోడకు ఒరిగి నిద్రపోయింది. చేతిలోంచి చెవిగొట్టం మెల్లగా తీసి విన్నాను. వేరుశనగకు పట్టే పురుగు గురించి ఎవరో చెబుతున్నారు. అంతకుముందు పాట వచ్చిందో లేదో నాకు తెలియదు. లేచాక నేను అడగలేదు.