మూడు ఊపిరుల ఆలస్యం

కటింగ్ మాస్టారు ఇరవై మూడేళ్లు ఒకే బల్ల ముందు నిలబడి చొక్కాలు కత్తిరించాడు. సుద్దగీత మీద ఆయన కత్తెర ఆగడం ఎవరూ చూడలేదు. ఒక వానాకాలం అది ఆగింది. గుడ్డను ముఖాముఖి మడవడం మరిచిపోయి, ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కోశాడు. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పు. మర్నాడూ అదే. మూడోరోజు కత్తెర పక్కన పెట్టి, గోడకేసి తిరిగి కూర్చున్నాడు. ఏడవలేదు. ఎవరైనా పిలిస్తే మాత్రం, చాలా దూరం నడిచి వచ్చినట్టు పలికేవాడు.

దుకాణం వదినది. అన్న పోయాక మిషనూ నోరూ ఆవిడే నడుపుతోంది.

“ఎనిమిది నెలలు చూశానయ్యా మరిదీ. ఇంకొక్క నెల. ఆ తరవాత బల్ల దగ్గర వేరే మనిషిని పెట్టుకోక తప్పదు. నువ్విలా చూస్తుంటే ఆ గోడకైనా సిగ్గేస్తుంది.”

డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆయన వేసుకుంటూనే ఉన్నాడు. వాటితోపాటు నెమ్మది కసరత్తు చేయమని డాక్టరు ఒక నర్సు దగ్గరికి పంపాడు. గ్రంథాలయం పైగదిలో సాయంత్రం నాలుగింటికి పదిమంది, మెడలోతు నీళ్లలో ఉన్నట్టు, చేతులు లేపేవారు, దించేవారు.

“లేపాలని చూడకండి. ఊపిరి లేచినంత లేవనివ్వండి,” అనేది నర్సు.

దుకాణంలో ఆయనకు సాధన చేసుకునే చోటు ట్రయల్ గది ఒక్కటే. ఎదురెదురు అద్దాల్లో ఒకరి వెనక ఒకరు మాస్టార్లు, లోలోపలికి పచ్చగా మసకబారుతూ. ఐదోరోజు మధ్యాహ్నం ఈయనతోపాటు అద్దాల్లో అందరూ చేతులు లేపారు. ఏడోవాడు లేపలేదు. చేతులు వేలాడేసుకుని ఈయన్నే చూశాడు. మూడు ఊపిరులయ్యాక లేపాడు.

ఆయన చెప్పింది విని, “తుడిచి ఎన్నాళ్లయిందో,” అంటూ వదిన తడిగుడ్డతో వెళ్లి అద్దాలు తుడిచింది. “నావాళ్లందరూ పనిమంతులే. నీవాడికే బద్ధకం.” అలా అన్నది గానీ, వచ్చేటప్పుడు అద్దాలకు వీపు పెట్టకుండా వచ్చింది.

సాయంత్రం పైగదిలో ఈ సంగతి చెబితే నర్సు నవ్వలేదు. “డాక్టరుకి కూడా చెప్పండి. వాడు భయపెడుతున్నాడా?”

“లేదమ్మా. అలిసిపోయినట్టున్నాడు.”

“అయితే వాడికి అందేంత నెమ్మదిగా చెయ్యండి.”

ఆయన నెమ్మదించాడు. చెయ్యి భుజందాకా రావడానికి ఒక మబ్బు కిటికీ దాటేంతసేపు పట్టేది. ఆలస్యం రెండు ఊపిరులైంది, తరవాత ఒకటి. నెలాఖరున ఒక మధ్యాహ్నం ఏడోవాడి చెయ్యి అందరితోపాటే లేచింది. ఆ చేతికి సుద్ద అంటి ఉంది. ఈయన చేతికి లేదు.

మర్నాడు కొత్త మనిషి రావాలి. మాస్టారు బయటికొచ్చి, గుడ్డను ముఖాముఖి మడిచి, గీత గీసి, కత్తెర అందుకున్నాడు. కర్ మంది. కాసేపటికి తెర వెనక ట్రయల్ గదిలోనూ కర్ మంది.

వదిన మిషను ఆగింది. “లోపల ఎవరన్నా ఉన్నారా మరిదీ?”

“ఉన్నాడు.” తల ఎత్తకుండా, కత్తెరను ఇంకాస్త నెమ్మది చేశాడు. “తొందరపెట్టకు వదినా. చంక వంపు దగ్గరున్నాం.”

ఆమె పెడల్ మీంచి కాలు తీసేసింది. కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ వేరువేరుగా బల్ల మీద పరుచుకునేదాకా కదల్లేదు. తరవాత కొత్త మనిషికి ఫోను చేసి రావద్దంది. ఎందుకని అడిగితే, బల్ల దగ్గర ఇద్దరున్నారంది.