ఎండాకాలం రేటుకి చిమ్నీ

మూడు వందల డాలర్ల పనిని నూట యాభైకి తెగ్గొట్టి, ప్రాణాలతో ఉన్న ఒక కుటుంబాన్ని ఇటుక గొట్టంలో ఉంచి పైన రేకు బిగించిన ఎనర్జీ ఆడిటర్ ఒహాయో రాష్ట్రం మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘనతకి నాతో పోటీకొచ్చినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు. ఇది 1982 జూలై మాట. అప్పటికి నేను క్లీవ్‌లండ్ శివార్లలో ఒక గ్యాస్ కంపెనీలో గ్రేడ్ టూ ఆడిటర్‌గా చేరి రెండేళ్లయింది.

చమురు ధరలు మండిపోయిన రోజులవి. ఏ ఇంట్లో వేడి ఎక్కడ వృథా అవుతోందో చూసి చెప్పడానికి గ్యాస్ కంపెనీలు మనుషుల్ని పంపాలని ప్రభుత్వం నియమం పెట్టింది. అలా పంపే మనిషే ఆడిటర్. గ్యాస్ అమ్ముకు బతికే కంపెనీ నాకు జీతమిచ్చి, గ్యాస్ తక్కువ వాడండని ఇల్లిల్లూ తిరిగి చెప్పమంటోంది! చీరాలలో మా నాన్నది గుడ్డల కొట్టు. బేరానికొచ్చిన ఆవిడతో ఆయన “ఈ ఏడాదికి పాత చీరే కట్టుకోండమ్మా” అన్నట్టు ఉండేది నాకు. అయినా ఉద్యోగం బాగుండేది. ఒక టేపు, ఒక టార్చి, పిడి ఉన్న ఒక అద్దం, గాలి ఎటు లాగుతోందో తెలియడానికి పొగ వదిలే ఒక గొట్టం ఇచ్చారు. ఆ గొట్టం కంటే అగరుబత్తీ చౌకనీ, పనిలో మెరుగనీ నేను చేరిన నెలలోనే కనిపెట్టాను.

మా ఉద్యోగానికి ఒక హద్దు ఉంది. ఏ పని చేయించుకోవాలో చెప్పవచ్చు. ఎవరితో చేయించుకోవాలో చెప్పకూడదు, ధర సంగతిలో అసలు వేలు పెట్టకూడదు. మొదటిది సులువే. కళ్లెదుట ఒకడు ధర చెబుతుంటే నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం మా వంశంలో ఎవరికీ చేతకాలేదు.

ఆ ఫిబ్రవరిలో సుభద్ర ఇంటికి ఆడిట్‌కి వెళ్లాను. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం ఆమెది. మా ఇళ్లకి రాకపోకలున్నాయి, నన్ను అన్నయ్యగారూ అనేది. వాళ్లది బాగా పాత ఇటుక ఇల్లు. హాల్లో చలికి కట్టెలు మండించే నిప్పుగూడు, దాని పైన పొగ పోయే చిమ్నీ. పొగ సంబరం మనకెందుకని చాలామంది తెలుగువాళ్లలాగే వాళ్లూ ఆ గూడు కడిగి, పాలరాతి పలక పరిచి, పూజామందిరం చేసుకున్నారు. మూడు పక్కలా గోడ, ముందు తెరపి. మందిరానికని కట్టించినా అంత కుదరదు. ఇబ్బందల్లా దీపంతోనే.

“కొండ మీద కూడా ఇంత గాలి ఉండదు అన్నయ్యగారూ. వత్తి వెలిగించి లైటర్ కింద పెట్టేలోపే ఆరిపోతోంది. పైగా గ్యాస్ బిల్ చూస్తే నా బీపీ షూట్ అవుతోంది.”

అగరుబత్తీ వెలిగించి స్వామి పటం పక్కన పట్టుకున్నాను. పొగ నిలువునా, ఎవరో పైనుంచి దారం లాగినట్టు, గొట్టంలోకి పోయింది. నిప్పుగూటికి పైన డ్యాంపర్ అని ఒక ఇనప మూత ఉంటుంది. అది వంకరపోయి సగం తెరుచుకునే ఉంది. అంటే చలికాలమంతా ఆ ఇంటికి ఒక కిటికీ తీసిపెట్టినట్టే. అద్దం లోపలికి చాచి, టార్చి వేసి పైదాకా చూశాను. గొట్టం శుభ్రంగా ఉంది. ఇల్లు వేడిచేసే ఫర్నెస్ పొగ వేరే గోడలోంచి పోతోంది కనుక దీన్ని మూసేస్తే ప్రమాదం లేదు. తేమ పోవడానికి సన్నటి చిల్లులు పెట్టిన రేకుని చిమ్నీ నెత్తిన బిగిస్తే సరి.

సుభద్ర పిలిపించిన చిమ్నీల మేస్త్రీ ఫ్రాంక్ మూడు వందలు చెప్పాడు. ఆ సమయానికి నేను అక్కడ లేకపోతే బాగుండేది.

“ఫ్రాంక్, జూలైలో నీకు చిమ్నీ పని ఎవరిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు. జూలైలో నేను చేపలు పడతాను.”

“చేపలు నీకు నూట యాభై ఇస్తాయా?”

ఫ్రాంక్ నవ్వి తల గోక్కున్నాడు. తల గోక్కున్నవాడు దిగినట్టే. మా నాన్న కంబళ్లు మేలో కొనేవాడు, గొడుగులు సంక్రాంతికి ముందు కొనేవాడు. ఆయన కొడుకు చిమ్నీ మూత జూలైలో కొన్నాడు. “మీరు ఇండియాలో వదిలేయాల్సినవి కూడా సూట్‌కేసులో తెచ్చుకున్నారు” అంది సుభద్ర. అయినా మిగిలే నూట యాభై ఆమెకీ చేదు కాలేదు.

జూలై చివర్లో, బుధవారం పొద్దున ఫ్రాంక్ నిచ్చెన వేశాడు. మూసేముందు గొట్టం కింది నుంచి మరోసారి చూడాలని మా నియమం. చూడాలంటే గూట్లోంచి దేవుళ్లని తీయాలి. ఆ శుక్రవారమే సుభద్ర ఇంట్లో శ్రావణ పూజ, ఇరవై మందిని పిలుచుకుంది. అలంకరణ సగం అయిపోయింది. “ఇప్పుడు కదపాలా అన్నయ్యగారూ?” అని దిగులుగా అడిగింది. అక్కర్లేదమ్మా, ఫిబ్రవరిలో చూశానుగా అన్నాను. పైనుంచి ఫ్రాంక్ కూడా, లోపల చీకటిగా ఉంది, ట్రక్కులోంచి టార్చి తెచ్చుకోనా అని కేకేశాడు. గొట్టం శుభ్రంగా ఉందని రిపోర్టే ఉంది, బిగించెయ్యమన్నాను. బిగించాడు. లోపల దీపం నిటారుగా నిలబడింది. ఆ వత్తిని చూసి నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు చెప్పుకోవడం అనవసరం.

గురువారం సాయంత్రం ఫోన్.

“అన్నయ్యగారూ, మీరు చిమ్నీలో ఏదైనా మెషిన్ ఫిక్స్ చేశారా?”

“మెషినేంటమ్మా?”

“స్వామి వెనకాల మోటార్ ఆన్ అయినట్టు సౌండ్ వస్తోంది. కాసేపు వస్తుంది, ఆగుతుంది. పొద్దున బాగా గట్టిగా ఉండేది, ఇప్పుడు తగ్గిపోతోంది. రేపు వచ్చేవాళ్లు మా దేవుళ్లు కరెంట్ మీద నడుస్తున్నారనుకుంటారు.”

ఫోన్ పెట్టేసి బయల్దేరాను. కారు ఎలా నడిపానో తెలియదు. వాళ్ల వాకిట్లో దిగి తలెత్తితే, చిమ్నీ చుట్టూ రెండు నల్లటి పిట్టలు గిరగిరా తిరుగుతున్నాయి. తిరుగుతాయి, రేకు మీదికి దూకబోతాయి, చివరి క్షణంలో పక్కకి తప్పుకుంటాయి. వీటిని చిమ్నీ స్విఫ్ట్‌లంటారు. దక్షిణ అమెరికా నుంచి వసంతంలో వచ్చి, గరుకైన పాత ఇటుక గొట్టాల్లో పుల్లల గూడు అంటించి పిల్లల్ని పెడతాయి. ఫిబ్రవరిలో ఉండవు. జూలైలో ఉంటాయి. పిల్లలకి ఆకలేస్తే చేసే రొద గొట్టంలో పడి మోటారులా వినిపిస్తుంది. రొద తగ్గుతోందంటే ఓపిక అయిపోతోందని అర్థం.

సుభద్ర ఇంట్లోంచే ఫ్రాంక్‌కి ఫోన్ చేశాను. భోజనం దగ్గర ఉన్నాను, ఇప్పటికిప్పుడంటే నూట ఇరవై అవుతుందన్నాడు.

“సరే, రా.”

“మాట్లాడేది నువ్వేనా? సుభద్రకి ఓసారి ఫోనివ్వు” అన్నాడు.

అతను వచ్చేలోపు లోపల ఏం జరుగుతోందో చూడాలి. ఈసారి నేను అడగలేదు. సుభద్రే అలంకరణ విప్పేసి, పటాలన్నీ ఒక్కొక్కటిగా డైనింగ్ టేబుల్ మీదికి మార్చింది. “పిల్లల్ని ఉక్కిరిబిక్కిరి చేసి, రేపు ఇదే గూట్లో నేను ఏం దీపం పెట్టను? పడుకోండి, చూడండి” అంది. పాలరాతి పలక మీద వెల్లకిలా పడుకుని అద్దం చాచాను. గోడకి అతుక్కుని నాలుగు బూడిదరంగు ముద్దలు. కదలిక లేదు.

“బతికున్నాయా?”

“తెలియడం లేదమ్మా.”

“కళ్లు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా? సరిగ్గా చూసి చెప్పండి!”

పైన ఫ్రాంక్ అడుగుల చప్పుడు, రేకు అంచున అంటించిన సిలికాన్ బంకని కోస్తున్న కత్తి గరగర. ఒక మూల లేచింది. ఇంకో మూల లేచింది. రేకు ఊడిన క్షణాన గొట్టం పొడుగునా సాయంత్రపు వెలుగు దిగి నా మొహం మీద పడింది. నాలుగు ముద్దల్లో ఒకటి నోరు తెరిచింది. “ఒకటి కదిలింది!” అని అరిచాను. మసి నోట్లో పడింది. అయినా అరుస్తూనే ఉన్నాను.

తల్లీదండ్రీ వస్తాయో రావో తెలియదు. ఫ్రాంక్ కప్పు అంచుకి జరిగి పడుకున్నాడు. సుభద్రా నేనూ లాన్‌లోకి పరిగెత్తి మెడలు నొప్పి పుట్టేలా పైకి చూశాం. పిట్టలు ఒక చుట్టు తిరిగాయి. ఇంకో చుట్టు. మూడోసారి ఒకటి రెక్కలు పైకెత్తి, రాయి జారవిడిచినట్టు నిలువునా గొట్టంలోకి పడిపోయింది. తెరిచి ఉన్న కిటికీలోంచి ఆ మోటారు సౌండు ఒక్కసారిగా భళ్లున లేచింది. “ఆన్ అయింది అన్నయ్యగారూ, ఆన్ అయింది!” అని సుభద్ర లాన్‌లోనే గంతులేసింది. కప్పు మీద ఫ్రాంక్ టోపీ విసిరేశాడు. అది పక్కింటి గులాబీ పొదలో పడింది.

మర్నాడు పూజ డైనింగ్ టేబుల్ మీదే జరిగింది. వచ్చినవాళ్లంతా వంగి వంగి చిమ్నీ చప్పుడు విని, ఆ తర్వాతే హారతి కళ్లకద్దుకున్నారు. పిల్లలున్న గూటిని ముట్టుకోవడం ఫెడరల్ చట్టానికి విరుద్ధమని ఫ్రాంక్ చెప్పాడు. కనుక అవి ఎగిరిపోయేదాకా ఆగడమే.

సోమవారం నేనే వెళ్లి మా సూపర్‌వైజర్ డోరిస్‌కి జరిగింది చెప్పాను. ఆమె పూర్తిగా విని, నన్ను ఫీల్డ్ నుంచి తీసి నెల రోజులు టెలిఫోన్ దగ్గర కూర్చోబెట్టింది. పిట్టల సంగతి కంటే ధరలో వేలు పెట్టినందుకే ఆమెకి కోపం ఎక్కువ వచ్చింది. ధర నాదైతే తొందర కూడా నాదే అవుతుందనీ, ఆ తొందరలో మనిషి అద్దం పక్కన పడేస్తాడనీ ఆమె లెక్క. అది నిజమే. చిమ్నీ మూసే రోజున, మూసేవాళ్లే, పైనుంచీ కిందనుంచీ చూడాలి. ఆర్నెల్ల కిందటి చూపు ఆర్నెల్ల కిందటిదే. ఆ తర్వాత పదకొండేళ్ల సర్వీసులో దీన్ని నేను తప్పలేదు.

అక్టోబరులో పిట్టలు వెళ్లిపోయాక ఫ్రాంక్ ఖాళీ గూడు తీసి, నా కళ్లెదుట టార్చి వేసి చూసి, మళ్లీ రేకు బిగించాడు. అది సీజను, ధర మళ్లీ మూడు వందలే. పాత రేకే కదా అని ఇరవై తనంతట తనే తగ్గించాడు.

లెక్క ఇది. జూలైలో మూసినందుకు నూట యాభై. తెరిచినందుకు నూట ఇరవై. అక్టోబరులో మళ్లీ మూసినందుకు రెండు వందల ఎనభై. మొత్తం ఐదు వందల యాభై. ఫిబ్రవరిలోనే చేయించి ఉంటే అయ్యే మూడు వందలూ సుభద్ర ఇచ్చింది, అంతకు మించి నేను తీసుకోనివ్వలేదు. మిగతా రెండు వందల యాభై నాది. ఇవి కాక, నేను చవక కోసం ఆపిన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ గొట్టంలోంచి ఆకాశానికి పోయిన గ్యాస్, ఆడిటర్‌గా నేను కట్టిన అంచనా ప్రకారం, నలభై. వెరసి మూడు వందల పనికి ఐదు వందల తొంభై.